పాఠకుల ప్రశ్నలు: ఆర్సీ బండ్లకు లైపో బ్యాటరీలు

ఈ నెల ఉత్తరాల్లో చాలామంది ఆర్సీ (రిమోట్‌తో నడిపే) బండ్లలో వాడే లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీల గురించే అడిగారు. కొత్తగా కొనబోయేవాళ్ల సందేహాలు కొన్నయితే, కొని పాడుచేసుకున్నవాళ్ల బాధలు కొన్ని. పాడైపోయిన ప్యాక్‌ల (సెల్‌లను కలిపి కట్టిన బ్యాటరీల) సంగతి చదువుతుంటే ఒకటి తేటగా కనబడింది. బండి పరిగెడుతుండగా పోయినవాటికంటే, పని లేకుండా ఇంట్లో పడి ఉండి పోయినవే ఎక్కువ. అందుకే నిల్వ గురించిన జవాబు కాస్త పొడుగ్గా రాశాం, ఓపిగ్గా చదవండి.

ప్ర: మా అబ్బాయికి పదో వంతు సైజు ఆర్సీ ట్రక్కు కొనిచ్చాం. దానితో 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వచ్చింది. పది నిమిషాలకే నీరసపడుతోంది. లైపో వేస్తే బాగుంటుందంటున్నారు. ఏది కొనాలి? ఊరికే మార్చేస్తే సరిపోతుందా అండి? (మల్కాజిగిరి నుంచి ఒక తండ్రి)

జ: బ్యాటరీ కొనే ముందు బండిలోని ఈఎస్‌సీని, అంటే మోటారుకు కరెంటు వదిలే ఆ చిన్న పెట్టెను చూడండి. దానికి లైపో మోడ్ ఉండాలి. కొన్నిటికి పక్కన చిన్న జంపర్ పిన్ ఉంటుంది, కొన్నిటిని బటన్ నొక్కి మార్చాలి. నికెల్ మోడ్‌లోనే వదిలేస్తే ఈఎస్‌సీ బాగా దిగువ వోల్టేజీ దాకా కరెంటు లాగుతూనే ఉంటుంది. నికెల్ సెల్ ఆ దెబ్బకు తట్టుకుంటుంది, లైపో సెల్ తట్టుకోదు. సెల్‌కు 3.0 వోల్టుల కిందికి వెళ్లిందంటే లోపల నష్టం మొదలైనట్టే. మీ ఈఎస్‌సీకి లైపో మోడ్ లేకపోతే రెండు దారులున్నాయి. ఈఎస్‌సీ మార్చడం ఒకటి. లేదంటే బ్యాలెన్స్ తీగకు, అంటే ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా చూడటానికి ప్యాక్ నుంచి వచ్చే సన్నటి తీగల ప్లగ్గుకు, తగిలించే చిన్న బజర్ కొని సెల్‌కు 3.5 వోల్టులకు పెట్టుకోవడం. అది కూసిన వెంటనే బండి ఆపాలి. పిల్లలు ఆటలో పడి ఇంకో రౌండు అంటారు కాబట్టి మొదటి దారే మేలు.

ఇక ప్యాక్. మీ ట్రక్కుకు 2ఎస్ చాలు. అంటే రెండు సెల్‌లు, పేరుకు 7.4 వోల్టులు, నిండా చార్జ్ అయితే 8.4. ప్లాస్టిక్ గట్టి పెట్టెలో ఉన్నదే తీసుకోండి. మెత్తటి కవరువి ఆర్సీ విమానాలకు బాగుంటాయి. కారు రాయికి కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ నేరుగా సెల్ మీదే పడుతుంది. గట్టి పెట్టె 2ఎస్ ప్యాక్ సుమారు 138 మిల్లీమీటర్ల పొడవు, 46 వెడల్పు, 25 ఎత్తు ఉంటుంది. కొన్ని ట్రక్కుల బ్యాటరీ గూడు అంచులు గుండ్రంగా ఉంటాయి. నికెల్ ప్యాక్ గుండ్రటి సెల్‌ల కట్ట కాబట్టి అందులో ఒదుగుతుంది, పలకలా ఉండే లైపో పెట్టె ఒదగదు. స్కేలు పెట్టి కొలిచాకే కొనండి.

కెపాసిటీ 5000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు, అంటే 5 ఆంపియర్-అవర్లు) తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. ఎనభై శాతం దాకానే వాడాలి కాబట్టి చేతికొచ్చేది 4000. సగటున 12 ఆంపియర్లు లాగే బండి ఇరవై నిమిషాలు తిరుగుతుంది. సీ రేటింగ్ అంటే కెపాసిటీకి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. 5000 ప్యాక్ మీద 30సీ అని ఉంటే 5 ఆంపియర్లకు 30 రెట్లు, అంటే 150 ఆంపియర్లు. లేబుళ్ల మీద ఈ అంకె పెంచి వేయడం మామూలే కాబట్టి సగమే నమ్మండి. సగమైనా 75 ఆంపియర్లు, బ్రష్ మోటారు ట్రక్కుకు ధారాళం. 100సీ అని రాసి ఉన్నదానికి ఎక్కువ డబ్బు పోయకండి. ఆ డబ్బు మంచి చార్జరు మీద పెట్టండి, ఎందుకంటే బండితో వచ్చిన నికెల్ చార్జరు లైపోకు పనికిరాదు. దాన్ని ఇంట్లో లైపోల దగ్గర్లోనే ఉంచకండి, ఎవరో ఒకరు పొరపాటున తగిలిస్తారు.

ప్ర: నా బ్రష్‌లెస్ బగ్గీ 2ఎస్ మీద నడుస్తోంది. ఈఎస్‌సీ మీద 2 నుంచి 3ఎస్ అని ఉంది. 3ఎస్ పెట్టేయొచ్చా? మోటారు 3300 కేవీ. (ఉప్పల్)

జ: ఈఎస్‌సీ ఒప్పుకున్నంత మాత్రాన మోటారు, గేర్లు ఒప్పుకున్నట్టు కాదు. కేవీ అంటే లోడు లేనప్పుడు వోల్టుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. నిండు 2ఎస్ మీద 3300ని 8.4తో హెచ్చిస్తే నిమిషానికి 27,720 చుట్లు. 3ఎస్ మీద 12.6తో హెచ్చిస్తే 41,580. అదే గేరు పళ్లతో ఇంత వేగం అడిగితే మోటారు మీద పడే శక్తి రెట్టింపు దాటుతుంది. ఈఎస్‌సీ కాగితంలో 3ఎస్‌కు మోటారు ఇన్ని కేవీ లోపే ఉండాలని విడిగా రాసి ఉంటుంది, ముందు అది వెతకండి. అనుమతి ఉంటే పినియన్‌ను, అంటే మోటారు ఇరుసు మీది చిన్న గేరును, రెండు పళ్లు తగ్గించి, మూడు నిమిషాలు నడిపి ఆపి, మోటారు వేడి చూడండి. 80 డిగ్రీలు దాటితే ఇంకా తగ్గించాలి. ప్లాస్టిక్ డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఉన్న బండి అయితే 2ఎస్‌తోనే ఉండండి.

ప్ర: ఏప్రిల్‌లో ఊరెళ్తూ రెండు 2ఎస్ ప్యాక్‌లను నిండా చార్జ్ చేసి బీరువాలో పెట్టాను. జూన్‌లో వచ్చి చూస్తే ఒకటి దిండులా ఉబ్బింది. వాడనే లేదు కదా, ఎలా పాడైంది? సూదితో గుచ్చి గాలి తీసేస్తే మళ్లీ పనిచేస్తుందని ఎవరో చెప్పారు. (దిల్‌సుఖ్‌నగర్)

జ: సూది మాట మరిచిపోండి. ఆ వెండి రంగు కవరు కింద పలచటి పొరలు మడతల్లా పేర్చి ఉంటాయి. సూది మొన ఆ పొరల మధ్య ఉన్న ప్లాస్టిక్ తెరను చీల్చితే ప్లస్, మైనస్ రేకులు ఒకదానికొకటి తగులుతాయి. సెల్‌లో ఉన్న చార్జ్ అంతా ఆ ఒక్క చుక్క దగ్గర వేడిగా మారుతుంది. నిండా చార్జ్ అయిన ప్యాక్‌కు ఇలా చేస్తే మీ చేతిలోనే అంటుకుంటుంది. అంటుకోకపోయినా బయటి తేమ లోపలికి వెళ్లి ఆ సెల్ ఎలాగూ చస్తుంది.

వాడకపోయినా ఎందుకు పాడైందన్నది అసలు ప్రశ్న. నిండా చార్జ్ అయినప్పుడు సెల్ 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఎత్తున ప్లస్ వైపు రేకు చాలా చురుగ్గా ఉండి, చుట్టూ ఉన్న ద్రవాన్ని కొద్దికొద్దిగా విరగ్గొడుతూ ఉంటుంది. అలా విరిగినప్పుడు పుట్టే వాయువే మీకు ఉబ్బులా కనబడింది. చల్లటి చోట ఇది నత్తనడకన సాగుతుంది, వేడి పెరిగేకొద్దీ పరుగెత్తుతుంది. హైదరాబాద్ మే నెలలో బయట 40 దాటుతుంది. తలుపులు మూసిన ఇంట్లో, పైకప్పు కింద గదిలో ఉన్న ఇనప బీరువా రాత్రికి కూడా చల్లబడదు. నిండు చార్జ్, వేడి, రెండు నెలలు. లైపోను చంపడానికి ఈ మూడూ కలిస్తే చాలు, బండి ఒక్క అడుగు కదలక్కర్లేదు.

నిల్వకు సెల్‌కు 3.80 నుంచి 3.85 వోల్టుల మధ్య ఉంచాలి. 2ఎస్ ప్యాక్ అయితే మొత్తం 7.6 నుంచి 7.7. ఇది దాదాపు సగం చార్జ్. మంచి చార్జర్లన్నిటిలో స్టోరేజ్ అనే మెనూ ఉంటుంది, ఎక్కువున్నదాన్ని దించి, తక్కువున్నదాన్ని ఎక్కించి అక్కడ ఆపుతుంది. దించడం మాత్రం నెమ్మది. చిన్న చార్జర్లు 5 వాట్లతోనే డిశ్చార్జ్ చేస్తాయి. నిండు 5000 ఎంఏహెచ్ 2ఎస్ ప్యాక్‌ను సగానికి తేవాలంటే దాదాపు 20 వాట్-అవర్లు పోవాలి, అంటే నాలుగు గంటలు. దానికంటే బండిని పది నిమిషాలు తిప్పి, ప్యాక్ చల్లారాక స్టోరేజ్‌లో పెట్టడం సులువు.

రేపు ఆదివారం నడపాలనుకుంటే శనివారం రాత్రో ఆదివారం పొద్దున్నో చార్జ్ చేసుకోండి. వాన పడి కార్యక్రమం తప్పిపోతే సోమవారానికల్లా స్టోరేజ్‌కు దించేయండి. రెండు మూడు రోజులు నిండుగా ఉన్నంత మాత్రాన కొంపలేమీ మునగవు, వారాలు ఉంచితేనే చేటు. ప్యాక్‌లను ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, నేల దగ్గర, గచ్చు మీద పెట్టండి. ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం గంట కూడా వద్దు.

ఉబ్బినది ఇక వాడొద్దు, చార్జ్ చేయొద్దు. దాన్ని ఎలా వదిలించుకోవాలో చివరి జవాబులో ఉంది. ఉబ్బని రెండోదాన్ని కూడా అనుమానంగానే చూడండి. స్టోరేజ్‌కు దించి, చార్జరులో సెల్‌ల అంతర్గత నిరోధం చూసే మెనూ ఉంటే కొలవండి. 5000 ఎంఏహెచ్ మంచి సెల్ కొత్తలో 2 నుంచి 5 మిల్లీఓమ్‌ల మధ్య చూపుతుంది. 15 దాటినా, ఒక సెల్ రెండోదానికి రెట్టింపు చూపినా దాన్ని కూడా పక్కన పెట్టేయండి. చార్జరు చార్జరుకూ ఈ అంకె మారుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే చార్జరుతో, గది వేడిమిలోనే కొలిచి ప్యాక్ మీద తేదీతో సహా మార్కరుతో రాసుకోండి. ఒక్కసారి కొలిచిన అంకెకంటే ఆరు నెలల్లో అది ఎంత పెరిగిందన్నదే పనికొచ్చే సంగతి.

ప్ర: 50 వాట్ల బ్యాలెన్స్ చార్జరు కొన్నాను. చార్జ్ మొదలుపెట్టగానే ఆగిపోతోంది. ఒక్కోసారి నడిచినా 3ఎస్ 5000 ప్యాక్‌కు గంట పైన పడుతోంది. చార్జరు పాడా? సెట్టింగులు కూడా ఒకసారి చెప్పండి. (ఘట్‌కేసర్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జ: చార్జరు బాగానే ఉండి ఉంటుంది. ఆ రకం వాటిలో చాలావాటికి కరెంటు ఇచ్చే అడాప్టర్ విడిగా కొనాలి. ఇంట్లో ఉన్న వైఫై రూటర్ అడాప్టర్ 12 వోల్టులదే కదా అని తగిలిస్తే అది 1 లేదా 2 ఆంపియర్లే ఇస్తుంది. చార్జరు 50 వాట్లు అడగ్గానే అడాప్టర్ కూలబడుతుంది. 12 వోల్టులు, కనీసం 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఆలస్యానికి కారణం వేరు. 3ఎస్ ప్యాక్ చివర్లో 12.6 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలంటే 63 వాట్లు అవుతుంది. మీది 50 వాట్లదే కాబట్టి 4 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. అది లోపం కాదు, దాని శక్తి అంతే.

సెట్టింగులు. రకం లైపో, మోడ్ బ్యాలెన్స్, అంటే సెల్‌లన్నిటినీ సమంగా నింపేది. కరెంటు 1సీ, అంటే 5000 ఎంఏహెచ్‌కు 5.0, 2200కు 2.2. ప్యాక్ మీద 5సీ చార్జింగ్ అని రాసి ఉన్నా 1సీ దాటకండి, ఇరవై నిమిషాల తొందర కోసం ప్యాక్ వయసు తగ్గించుకోవడం ఎందుకు? తగిలించేటప్పుడు ముందు చార్జరు వైపు పెద్ద తీగ, తర్వాత బ్యాటరీకి పెద్ద కనెక్టర్, ఆ పైన తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్గు. చార్జరు వైపు బనానా ప్లగ్గులు (ఆ పెద్ద తీగ కొనల్లోని గుండ్రటి పిన్నులు) ఊడి ఉండగా బ్యాటరీ తగిలిస్తే ఆ రెండు కొనలూ గాల్లో తగులుకుని మెరుస్తాయి. మొదలుపెట్టే ముందు తెర మీద సెల్‌ల సంఖ్య మీ ప్యాక్‌తో కలవాలి. కలవకపోతే ఓకే నొక్కకండి.

నడుస్తుండగా ఒక్కో సెల్ వోల్టేజీ చూపే పేజీకి వెళ్లి గమనించండి. మొదట కరెంటు నిలకడగా ఉండి వోల్టేజీ పెరుగుతుంది. 4.2 దగ్గరికి రాగానే వోల్టేజీ నిలబడి కరెంటు తగ్గుతూ వస్తుంది, 5.0 నుంచి 3, 1, చివరికి 0.5 దగ్గర ఆగుతుంది. చివరి పదిహేను నిమిషాలు ఏమీ జరగనట్టు ఉంటుంది గానీ సెల్‌లు సమం అయ్యేది అప్పుడే. 4.20, 4.20 అని గానీ, 4.20, 4.19 అని గానీ ముగిస్తే బాగున్నట్టు. బండి నుంచి అప్పుడే తీసిన వేడి ప్యాక్‌ను చార్జ్ చేయకండి. చేతికి గది అంత చల్లగా తగిలేదాకా ఆగండి, అరగంట పడుతుంది. సెల్ వేడి 45 డిగ్రీలు దాటి ఉండగా చార్జింగ్ పనికిరాదు. మే మధ్యాహ్నం ఎండ పడే బాల్కనీలో నడపకపోయినా అంత వేడెక్కుతుంది.

ప్ర: నడిపి వచ్చాక చూస్తే ఒక సెల్ 3.68, ఇంకొకటి 3.41 ఉన్నాయి. ఈఎస్‌సీ కట్ చేయలేదు. ఏం చేయాలి? (అల్వాల్)

జ: ఈఎస్‌సీకి మొత్తమే కనబడుతుంది, సెల్‌లు విడివిడిగా కనబడవు. అది 6.4 వోల్టుల దగ్గర కట్ చేసేదనుకుందాం. రెండు సెల్‌లూ 3.2 ఉన్నప్పుడు కట్ చేస్తే సరే. ఒకటి 3.5, ఇంకొకటి 2.9 ఉన్నా మొత్తం 6.4 అవుతుంది. అప్పటికే బలహీనమైనది 3 కిందికి దిగిపోయి ఉంటుంది. అంటే నీరసమైన సెల్‌నే ప్రతిసారీ ఇంకా లోతుకు తొక్కుతున్నారన్నమాట. బ్యాలెన్స్ మోడ్‌లో పూర్తిగా చార్జ్ చేసి, బజర్ 3.5కు పెట్టి, రెండుసార్లు నడిపి చూడండి. తేడా ప్రతిసారీ అదే సెల్‌లో వచ్చి, 0.1 వోల్టు దాటుతుంటే ఆ సెల్ అలిసిపోయింది, ప్యాక్ మార్చాలి. ఆగాక బజర్ తీసేయడం మరవకండి, అది కూడా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది.

ప్ర: స్విచ్ ఆపేసి బ్యాటరీ బండిలోనే వదిలేశాను. వారం తర్వాత 2ఎస్ ప్యాక్ మొత్తం 3.8 వోల్టులు చూపిస్తోంది, చార్జరు తీసుకోవడం లేదు. నికెల్ మోడ్‌లో కాసేపు పెడితే లేస్తుందని విన్నాను. (మెహదీపట్నం)

జ: వద్దు. సెల్‌కు 1.9 వోల్టులే మిగిలిన ప్యాక్ అది. అంత దిగువన మైనస్ వైపు ఉన్న రాగి రేకు కరగడం మొదలయ్యే ప్రమాదం ఉంది. మళ్లీ చార్జ్ చేస్తే ఆ రాగి ముళ్లలా పేరుకుని లోపల షార్ట్ చేయొచ్చు. అది ఈరోజు కాకపోయినా నాలుగో చార్జ్‌లో అంటుకోవచ్చు. నికెల్ మోడ్‌కు 4.2 దగ్గర ఆగడం తెలియదు, వోల్టేజీ ఒకసారి తగ్గేదాకా కరెంటు తోస్తూనే ఉంటుంది, లైపోలో ఆ తగ్గుదల రాదు. ఇంకో చిక్కు, మొత్తం 3.8 చూసి కొన్ని చార్జర్లు దీన్ని 1ఎస్ ప్యాక్ అనుకుంటాయి. దీన్ని వదులుకోండి. ఈఎస్‌సీ స్విచ్ ఆపినా లోపల సన్నగా కరెంటు పోతూనే ఉంటుంది. బండి ఆపగానే ప్లగ్గు పీకడం అలవాటు చేసుకోండి.

ప్ర: బ్యాటరీకి ఉన్న టీ ప్లగ్గు తీసి ఎక్స్‌టీ60 రకం కనెక్టర్ వేసుకోవాలి. సోల్డరింగ్ కొంత వచ్చు. (నాచారం)

జ: తీగలు రెండూ ఒకేసారి కత్తిరించకండి, ఇదే మొదటి సూత్రం. కట్టరు రెండు తీగలకూ ఆనితే ఆ క్షణంలో వందల ఆంపియర్లు కట్టరు పళ్ల గుండా పోతాయి. పళ్లు కరిగి చిట్లుతాయి. ముందు ఎర్రది కత్తిరించి, కొనకు టేపు చుట్టి పక్కకు వంచేయండి. నల్లది కత్తిరించి, పావు అంగుళం తొడుగు తీసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే) గొట్టం ముందే తొడిగి వెనక్కి నెట్టండి. చాలామంది మరిచేది ఇదే, అతికాక గుర్తొస్తుంది. తీగ కొనకు సోల్డర్ పూసి, కనెక్టర్ గుంటలో సగం సోల్డర్ నింపి, రెండూ కలిపి వేడి చేస్తే మునుగుతుంది. ఐరన్ 60 వాట్లకు తగ్గకుండా, ఉలి మొన బిట్‌తో ఉండాలి. 25 వాట్లదానితో లావు తీగ వేడెక్కేలోపు ప్లాస్టిక్ కరిగిపోతుంది. అతికేటప్పుడు జత కనెక్టర్‌ను ఇందులో గుచ్చి ఉంచితే పిన్నులు పక్కకు జరగవు. నల్లదానికి గొట్టం బిగించాకే ఎర్రది మొదలుపెట్టండి. ప్లస్, మైనస్ గుర్తులు కనెక్టర్ మీదే ఉంటాయి. బ్యాటరీ వైపు గుంటలున్నదే రావాలి, పిన్నులు బయటికున్నది బండికి. కనెక్టర్లు, గొట్టాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ప్ర: నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. ఇంట్లో చార్జ్ చేయడం ప్రమాదమా? అంటుకుంటే ఏం చేయాలి? (కూకట్‌పల్లి)

జ: చోటు సరిగ్గా ఎంచుకుంటే చేయొచ్చు. నీడ ఉన్న బాల్కనీ గచ్చు మేలు, ఆరేసిన బట్టలు, కర్టెన్లు దగ్గర్లో లేకుండా చూడండి. చార్జింగ్ చోటు మీకూ గుమ్మానికీ మధ్య ఉండకూడదు. వెడల్పాటి మట్టి కుండీలో నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక పోసి దాని మీద ప్యాక్ పెట్టండి, పక్కన ఇంకో బకెట్ ఇసుక ఉంచండి. ఇనప పెట్టె వాడితే మూత గట్టిగా బిగించకండి, వాయువు పోయే దారి లేకపోతే పెట్టే పేలుతుంది. చార్జింగ్ పెట్టి పడుకోవద్దు, బజారుకు వెళ్లొద్దు.

ప్యాక్ ఉబ్బుతున్నా, సిస్ మని చప్పుడొచ్చినా, గోళ్ల రంగు తుడిచే ద్రవంలాంటి తీపి వాసన వచ్చినా గోడ దగ్గర స్విచ్ ఆపండి. ప్యాక్ మీద చెయ్యి వేయకండి. మంట ఇంకా రాకపోయి, ఇసుక బకెట్ అందుబాటులో ఉంటే దూరం నుంచి కుమ్మరించండి. మంట వచ్చిందా, తలుపు మూసి అందరూ బయటికి వెళ్లి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ప్లస్ వైపు పదార్థం వేడికి తనే ఆక్సిజన్ వదులుతుంది, అందుకే మూసేసినంత మాత్రాన లోపలి మంట ఆగదు. చల్లార్చేది నీళ్లే, అవి కూడా ధారాళంగా, కరెంటు పూర్తిగా తీసేశాకే. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. పదిహేను వందల బండి కోసం పొగలోకి వెళ్లొద్దు, లక్ష రూపాయల బండి కోసమైనా వెళ్లొద్దు.

ప్ర: శంషాబాద్ నుంచి విమానంలో బ్యాటరీలు తీసుకెళ్లొచ్చా? (గచ్చిబౌలి)

జ: విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచీలోనే. వోల్టులను ఆంపియర్-అవర్లతో హెచ్చిస్తే వాట్-అవర్లు వస్తాయి. 2ఎస్ 5000 అయితే 37, 3ఎస్ 55.5, 4ఎస్ 74. ఒక్కో ప్యాక్ 100 లోపు ఉంటే చాలు. 6ఎస్ 5000 అయితే 111 అవుతుంది, 100 నుంచి 160 మధ్యవాటికి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి, అవీ రెండుకు మించకూడదు. కనెక్టర్లకు టేపు వేసి, స్టోరేజ్ చార్జ్‌లో, ఒక్కోటి విడి కవరులో పెట్టండి. లేబుల్ చెరిగిపోయిన ప్యాక్‌ను భద్రతా సిబ్బంది ఆపేసే అవకాశం ఎక్కువ.

ప్ర: పాడైన ప్యాక్‌ను ఉప్పు నీళ్లలో వేసి చెత్తబండికి ఇచ్చేయొచ్చా? (సికింద్రాబాద్)

జ: ఉప్పు నీళ్లు నమ్మదగ్గవి కావు. బయటి లోహపు కొనలు తుప్పుపట్టి తెగిపోతాయి, లోపల చార్జ్ అలాగే మిగిలిపోవచ్చు, బయటినుంచి కొలిచే దారి కూడా ఉండదు. దానికంటే 12 వోల్టుల, 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు అతికి, ప్యాక్ కనెక్టర్‌కు తగిలించండి. ప్యాక్‌ను ఆరుబయట, ఇసుక కుండీలో ఉంచండి. బల్బు కాలేంత వేడెక్కుతుంది కాబట్టి దాన్ని ప్యాక్‌కు తగలనివ్వకండి. సగం చార్జ్ ఉన్న 5000 ప్యాక్ అయితే రెండు మూడు గంటల్లో వెలుగు మసకబారుతుంది. ఆరిపోయాక కూడా రాత్రంతా అలాగే వదిలేసి, మర్నాడు మల్టీమీటర్‌తో చూడండి. మొత్తం అర వోల్టు లోపుంటే కనెక్టర్‌కూ బ్యాలెన్స్ ప్లగ్గుకూ విడివిడిగా టేపు చుట్టండి.

తడి, పొడి చెత్తల్లో దేనిలోనూ వేయకండి. చెత్తబండిలో నలిగితే అక్కడ పనిచేసేవాళ్ల చేతులు కాలతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు లిథియంతో సహా అన్ని రకాలకూ వర్తిస్తాయి, పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదీ దిగుమతిదారులదీ అని చెబుతాయి. కాబట్టి కొన్న దుకాణంలోనే ముందు అడగండి, లేదంటే ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఇది లిథియం, ఉబ్బింది, డిశ్చార్జ్ చేశాను అని నోటితో చెప్పి, అదే మాట టేపు మీద కూడా రాయండి.